పాత క్యాసెట్లోని గొంతులు ఫోన్లోకి ఎక్కించి నలుగురికీ వినిపించడం ఎలా?

“అన్నా, మా ఇంట్లో గూడా ఒక పెట్టె నిండా క్యాసెట్లుండాయి, ఫోన్లోకి ఎట్లా ఎక్కించేది?” మా అవ్వ పాడిన జోలపాట ముక్క ఒకటి పోయిన ఉగాదికి బంధువుల గ్రూపులో పెట్టానో లేదో, అప్పటినుంచి ఇదే ప్రశ్న. పుత్తూరు నుంచి ఒకరు, పలమనేరు నుంచి ఇద్దరు, బెంగళూరులో స్థిరపడిపోయిన మా చిత్తూరోళ్లు ఎంతమందో లెక్కలేదు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి ఇదిగో, ఒక్కసారే రాసేస్తున్నా. ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తా, కోపం తెచ్చుకోవద్దు.

పెట్టెలో ఉన్నవన్నీ ఎక్కించాల్సిన పనిలేదు, ముందు అది గుర్తుపెట్టుకోండి. షాపులో కొన్న సినిమా పాటల క్యాసెట్లు, అన్నమయ్య కీర్తనలు, మిమిక్రీ క్యాసెట్లు చాలావరకు ఇప్పటికే నెట్లో ఉన్నాయి, అదీ మీ దగ్గరున్న అరిగిపోయిన టేపు కంటే బాగా వినిపించేలా. వాటి మీద ఆదివారాలు ఖర్చు పెట్టకండి. మీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేనివి ముందు తీయండి. అవ్వాతాతల మాటలు, మేనత్త పెళ్లిలో నాదస్వరం, కువైట్‌లో ఉన్న చిన్నాయనకు ఉత్తరం బదులు మాట్లాడి పంపిన క్యాసెట్లు, ఊర్లో భారతం జరిగినప్పుడు ఎవరో స్టేజీ పక్కన కూర్చుని పట్టిన నాటకం. మా వైపు భారతమంటే తెలుసు కదా, పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి నాటకం. ఆ నాటకాల్లో బఫూన్ వేసే జోకులు ఏ కంపెనీ క్యాసెట్లోనూ దొరకవు. ఎవరి దగ్గరున్నా అవి బంగారమే.

కావలసినవి

- పనిచేసే టేప్ రికార్డర్ లేదా వాక్‌మన్. హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం తప్పనిసరిగా ఉండాలి. మీ ఇంట్లోది మూలపడి ఉంటే లోపలి రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది, తొంభై శాతం జబ్బు అదే. పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన మీ ఊర్లో ఇంకా ఎవరో ఒకరు ఉండే ఉంటారు, బెల్టు మార్పించండి.
- రెండు చివర్లా హెడ్‌ఫోన్ పిన్నే ఉండే ఆక్స్ కేబుల్. కారులో పాటలు పెట్టుకోవడానికి వాడేదే.
- ల్యాప్‌టాప్, అందులో ఆడాసిటీ (Audacity) అనే, శబ్దం రికార్డు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్. 2000 నుంచి ఉంది, నమ్మకమైనది. దాని సొంత సైటు నుంచే దించుకోండి, పక్కన మెరిసే డౌన్‌లోడ్ బటన్లు నొక్కకండి.
- ల్యాప్‌టాప్‌కి ఒకే రంధ్రం ఉంటే, లైన్ ఇన్ (బయటి యంత్రం శబ్దాన్ని లోపలికి తీసుకునే రంధ్రం) ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు. మరీ చౌకవాటిలో మైకు రంధ్రం మాత్రమే ఉంటుంది, మాటలకు పర్లేదు, నాదస్వరానికి చాలదు.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవిలో పెట్టుకునే దూది పుల్లలు, పలకలున్న పెన్సిల్, చిన్న స్క్రూడ్రైవర్.
- ఒక నోటుబుక్కు. దీన్ని అందరూ దాటేస్తారు, దాటేయకండి.

నేరుగా యూఎస్‌బీ పిన్ను ఉన్న క్యాసెట్ ప్లేయర్లు ఆన్‌లైన్లో అమ్ముతారు. చౌకలో దొరికేవాటితో నాకు పడలేదు. టేపు ఒకే వేగంతో తిరగదు, పాట ఊగుతూ వస్తుంది. పాత మంచి రికార్డరు దొరికితే అదే మేలు.

1. ముందు క్యాసెట్‌కి రక్షణ

ఇది మొదటి మెట్టు ఎందుకంటే నేను దీన్ని దాటేసి ఏడ్చాను. క్యాసెట్‌లో టేపు కనిపించే వైపును కిందికి పెట్టుకుని చూస్తే పై అంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. మీకు ఎదురుగా ఉన్న వైపుకు ఎడమ మూల రెక్క కాపలా. రెండూ స్క్రూడ్రైవర్‌తో విరిచేయండి. ఆ తర్వాత రికార్డు బటన్ నొక్కినా దిగదు.

నేను విరవలేదు. ప్లే నొక్కబోయి పక్కనున్న ఎర్ర బటన్ కూడా కలిపి నొక్కాను. మా తాత బాయిలో పడిన ఎద్దును పైకి తీసిన కథ చెబుతుంటాడు, సరిగ్గా మోకు కట్టే దగ్గర, నలభై సెకన్ల పాటు మా హాల్లో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు. ఆ తర్వాత తాత మళ్లీ వస్తాడు, ఎద్దు అప్పటికే పైకి వచ్చేసి ఉంటుంది. ఎట్లా వచ్చిందో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు.

2. బూజు ఉందేమో చూడండి

క్యాసెట్‌ను వెలుతురుకు పెట్టి, దాని మధ్యలో ఉండే కిటికీలోంచి చూడండి. టేపు చుట్ట మీద తెల్లటి పొడిలా, సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది బూజు. అలాంటిది రికార్డర్లో పెట్టొద్దు, హెడ్డుకు (రికార్డర్లో టేపును చదివే ముక్క) అంటుకుని తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. పక్కన పెట్టేయండి, అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని.

బాగున్నవాటిని కూడా వెంటనే ప్లే చేయకండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ముందు పెన్సిల్ దూర్చి నాలుగైదు చుట్లు చేత్తో తిప్పండి. బిగుసుకుని ఉంటే క్యాసెట్‌ను అరచేతిలో మెల్లగా తట్టండి. తిరుగుతోందని నమ్మకం కుదిరాక ఒకసారి చివరికంటా ముందుకు, మళ్లీ వెనక్కి చుట్టించండి. టేపు మధ్యలో తెల్లటి ఉన్ని మెత్త ఒకటి ఉంటుంది, టేపును హెడ్డుకు ఆనించేది అదే. అది ఊడిపోయి ఉంటే శబ్దం బావిలోంచి వచ్చినట్టుంటుంది. పనికిరాని ఇంకో క్యాసెట్ డొల్లలోకి, స్క్రూలు ఉన్నదైతే, టేపును మార్చుకోవచ్చు. ఈ పని చేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి, పిల్లల్ని బయటికి పంపండి.

3. రికార్డర్‌ని తుడవండి

దూది పుల్లను ఆల్కహాల్‌లో కొంచెం తడిపి హెడ్డును, దాని పక్కన టేపును లాగే సన్నటి ఇనుప కడ్డీని తుడవండి. గోధుమరంగు మసి వస్తుంది, రావడం ఆగేదాకా పుల్లలు మార్చండి. రబ్బరు చక్రాన్ని కూడా తుడవాలి గానీ దానికి ఆల్కహాల్ ఎక్కువ పట్టించకుండా తడిగుడ్డతో సరిపెట్టండి. పది నిమిషాలు ఆరనిచ్చి, పోయినా బాధలేని క్యాసెట్ ఒకటి పెట్టి నడిపి చూడండి. రికార్డరు టేపును నమిలే రకమైతే ఆ క్యాసెట్ మీదే తెలిసిపోతుంది, అవ్వ క్యాసెట్ మీద కాదు.

4. వైరు కలపడం, అందరూ బోల్తా పడేది ఇక్కడే

రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రంలో ఒక చివర, ల్యాప్‌టాప్‌లో లేదా సౌండ్ కార్డులో లైన్ ఇన్‌కి ఇంకో చివర. వినడానికి సులువే. కానీ ఈ కాలం ల్యాప్‌టాప్‌లకు చాలావాటికి ఒకే రంధ్రం ఉంటుంది, మామూలు ఆక్స్ పిన్ను అందులో పెడితే అది హెడ్‌ఫోన్ అనుకుంటుంది తప్ప లోపలికి శబ్దం తీసుకోదు. మరి రికార్డింగ్ అవుతోంది కదా అంటారు. అవుతుంది, ల్యాప్‌టాప్ సొంత మైకు మీ గదిలోని చప్పుడంతా పడుతోంది. మా బావమరిది మూడు క్యాసెట్లు ఇలాగే ఎక్కించాడు. విని చూస్తే నాదస్వరం దూరంగా ఎక్కడో, దగ్గరగా మాత్రం మా చెల్లెలు కూరగాయలాయనతో బేరం.

సరిగ్గా కలిసిందో లేదో ఇలా చూసుకోండి. ఆడాసిటీలో రికార్డు మొదలుపెట్టి, క్యాసెట్ నడపకుండా, ల్యాప్‌టాప్ మీద గోటితో టకటకమని తట్టండి. తెరమీద గీత ఎగిరిందా, మీరు పట్టేది సొంత మైకుతో. పైన మైకు ఎంచుకునే చోట సౌండ్ కార్డు పేరు ఎంచుకుని మళ్లీ తట్టండి. గీత కదలకూడదు. ఇప్పుడు క్యాసెట్ నడపండి, గీత ఎగరాలి.

ఇంకో రెండు. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో శబ్దాన్ని మెరుగుపరుస్తామనే ఎన్‌హాన్స్‌మెంట్లు ఉంటాయి, అవన్నీ ఆఫ్ చేయండి. అవి ఫోన్ మాటల కోసం చేసినవి, తంబురా శ్రుతిని చప్పుడనుకుని మింగేస్తాయి. “బుయ్‌య్” మని సన్నటి ఒకే మోత వెనకాల వస్తుంటే అది మన కరెంటు మోత. ల్యాప్‌టాప్ ఛార్జరు పీకేయండి, రికార్డరును బ్యాటరీల మీద నడపండి, నూటికి ఎనభైసార్లు పోతుంది.

ల్యాప్‌టాప్ లేనివాళ్లకు: ఫోన్‌తోనే కానివ్వచ్చు. మడిచిన తువ్వాలు మీద ఫోన్ పెట్టి, రికార్డర్ స్పీకరుకు అడుగు దూరంలో, తలుపులు వేసి, ఫ్యాన్ ఆపి, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫోన్లోని రికార్డర్ యాప్‌తో పట్టండి. గుడి మైకు మొదలవకముందు తెల్లవారుజామున చేసుకుంటే మేలు. మాటల వరకు ఇది చాలు. సంగీతానికి చాలదు.

5. శబ్దం ఎంత పెట్టాలి

రికార్డర్ వాల్యూమ్ సగంలో పెట్టి, క్యాసెట్లో అన్నిటికంటే గట్టిగా వినిపించే చోటు ఏదో వెతకండి. పెళ్లి క్యాసెట్ అయితే గట్టిమేళం, నాటకం అయితే భీముడు వచ్చినప్పుడు. అక్కడ ఆడాసిటీ మీటరు మైనస్ 6 డెసిబెల్ (శబ్దాన్ని కొలిచే అంకె) దగ్గర తిరిగితే చాలు. సున్నాను తాకకూడదు. తాకితే పై అంచు కోసుకుపోయి గొంతు పగిలినట్టు వస్తుంది, అది తర్వాత ఏం చేసినా బాగుపడదు. తక్కువగా వస్తే తర్వాత పెంచుకోవచ్చు. కాబట్టి అనుమానమొస్తే తగ్గించండి.

సెట్టింగుల్లో 44100 హెర్ట్జ్, స్టీరియో ఉండనివ్వండి. ఇంతకు మించి పెద్ద అంకెలు పెట్టినందువల్ల పాత టేపు కొత్తదైపోదు.

6. ఒక వైపు మొత్తం ఆపకుండా పట్టండి

అరవై నిమిషాల క్యాసెట్‌కి ఒక వైపు 30 నిమిషాలు, తొంభైదానికి 45. మధ్యలో ఆపి, పనికిరాదనుకున్నది వదిలేసి, మళ్లీ మొదలుపెట్టి... ఇలా చేయకండి. ఖాళీ అనుకున్న చోట ఏముంటుందో తెలియదు. మా ఇంట్లో రేడియో పాటల క్యాసెట్ ఒకటి, పాట అయిపోయాక నాలుగు నిమిషాలు ఏమీ లేదు, ఆపేయబోయాను. ఆఖర్లో ఉన్నట్టుండి మా నాయన గొంతు: “ఇది తిరగతా ఉందా, ఆగిపోయిందా?” నాయన రికార్డయిన మాట మా దగ్గర ఉన్నది అదొక్కటే.

ల్యాప్‌టాప్ మధ్యలో నిద్రపోకుండా స్లీప్ ఆఫ్ చేయండి. వాట్సాప్ వెబ్ మూసేయండి.

అయ్యాక ఎక్స్‌పోర్ట్ చేయాలి. సేవ్ కాదు, ఎక్స్‌పోర్ట్. సేవ్ నొక్కితే వచ్చేది ఆడాసిటీ ప్రాజెక్టు ఫైలు, అది ఆడాసిటీలో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. “పంపావు గానీ ఓపెన్ కావట్లేదు” అని బంధువులు అంటున్నారంటే మీరు పంపింది ఇదే. ఫైల్ మెనూలోకి వెళ్లి వేవ్ (WAV) ఫైలుగా, 16 బిట్‌లో ఎక్స్‌పోర్ట్ చేయండి. నిమిషానికి సుమారు 10 ఎంబీ అవుతుంది, 45 నిమిషాల వైపుకు 450 పైచిలుకు. పెద్దదే, కానీ ఇది మీ అసలు కాపీ. దీని మీద కత్తెర పడకూడదు.

7. సరిగ్గా వచ్చిందా? చూసుకోవడం

హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదట ఒక నిమిషం, మధ్యలో ఒకటి, ఆఖర్న ఒకటి వినండి. వినేటప్పుడు ఇవి గమనించండి.

ఒక చెవిలోనే వస్తోంది: వైరు సగం దూరింది, లేదా హెడ్డులో ఒక పక్క మసి ఉంది. మళ్లీ తుడవండి.

దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది: హెడ్డు కొంచెం వాలి ఉండొచ్చు. హెడ్డు పక్కనుండే చిన్న స్క్రూను నడుస్తుండగానే పావు చుట్టు అటూ ఇటూ తిప్పితే ఒక చోట “స” “శ” లు తేటగా పలుకుతాయి, అక్కడ ఆపాలి. చెయ్యి వణికేవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు, మెకానిక్‌కి ఇవ్వండి.

మాటలు తిరగబడి, ఏదో వేరే భాషలా వినిపిస్తోంది: దయ్యం కాదు, కంగారు పడకండి. టేపు లోపల మెలిక పడి అవతలి వైపుది వెనక నుంచి వస్తోంది. తీసి, మెలిక ఎక్కడుందో చూసి సరిచేయండి.

అందరి గొంతులూ చిన్నపిల్లల గొంతుల్లా సన్నగా, వేగంగా ఉన్నాయి: అప్పట్లో రికార్డు చేసినప్పుడు బ్యాటరీలు అయిపోవచ్చి టేపు మెల్లగా తిరిగింది, ఇప్పుడు మీది సరైన వేగంతో తిరుగుతోంది. పల్లెల్లో పట్టిన క్యాసెట్లలో ఇది మామూలు. ఆడాసిటీలో చేంజ్ స్పీడ్ (కొత్త వెర్షన్లలో చేంజ్ స్పీడ్ అండ్ పిచ్) అనే దాంతో, చేంజ్ టెంపోతో కాదు, మూడు శాతం, ఐదు శాతం అలా తగ్గించుకుంటూ పోండి. ఎక్కడ ఆపాలో ఆ మనిషిని ఎరిగిన పెద్దవాళ్లనే అడగండి. మా చిన్నాయన మాటలు ఆరు శాతం తగ్గించాక మా పిన్నమ్మ “ఆఁ, ఇప్పుడు ఆయనే” అంది. ఏ మీటరూ ఆ మాట చెప్పలేదు.

8. శుభ్రం చేయడం, కానీ మరీ చేయకపోవడం

కాపీ మీద మాత్రమే చేయండి. ఎవరూ మాట్లాడని చోట వట్టి “స్‌స్‌స్” మాత్రమే ఉన్న ఒక సెకను ఎంచుకుని, నాయిస్ రిడక్షన్‌లోకి వెళ్లి గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కండి. తర్వాత మొత్తం ఎంచుకుని మళ్లీ అక్కడికే వచ్చి 6 డెసిబెల్ దగ్గర పెట్టి ఓకే చేయండి. చాలు. 20, 24 పెడితే చప్పుడు పోతుంది, దాంతోపాటు మనిషి కూడా పోతాడు, నీళ్లలో మునిగి మాట్లాడినట్టు గుడగుడలాడుతుంది.

నేను మొదటిసారి అవ్వ జోలపాటను తెగ తోమాను. అసలుదాంట్లో ఏముందంటే, అవ్వ పాడుతూ పాడుతూ రెండో చరణం మధ్యలో ఆగి, అదే రాగంలో, “పాలు పొంగతా ఉండాయి చూడవే” అంటుంది, ఎవరో పరిగెత్తిన చప్పుడు, గిన్నె దించిన చప్పుడు, కిరోసిన్ స్టవ్వు బుస్సుమనడం ఆగిపోతుంది, మళ్లీ పాట వదిలిన చోటే అందుకుంటుంది. నేను తోమాక స్టవ్వు బుస పోయింది. అది పోయేసరికి పాలు పొంగే మాటకు అర్థమే లేకుండా పోయింది. మా అమ్మ విని “ఇది మన ఇల్లు కాదు” అంది. మళ్లీ మొదట్నుంచి చేశాను, ఈసారి స్టవ్వుతో సహా.

కాబట్టి కోడి కూత, కుక్కర్ విజిల్, ఆర్టీసీ బస్సు హారన్ తీసేయొద్దు. గొంతు వినిపిస్తోందా, అది చాలు. ఆఖర్న, మొత్తం శబ్దాన్ని ఒకేసారి పెంచే నార్మలైజ్‌తో మైనస్ 1 డెసిబెల్‌కి పెంచుకోండి.

9. ముక్కలు చేసి పేర్లు పెట్టండి

నలభై ఐదు నిమిషాల ఫైలు పంపితే ఎవరూ వినరు, రాసిస్తా. రెండు నుంచి ఐదు నిమిషాల ముక్కలు చేయండి. ఒక ముక్కలో ఒకే సంగతి. జోకు అయితే ఒక జాగ్రత్త ఉంది, నవ్వు దగ్గర కోసేయకండి. జోకు ముందు మాట, తర్వాత జనం నవ్వు తగ్గేదాకా ఉంచాలి. నాటకాల్లో బఫూన్ ఒక మాట అనేసి ఊరుకుంటాడు, జనం రెండు సెకన్లు ఆగి నవ్వుతారు, ఆ రెండు సెకన్లు ఖాళీ కదా అని తీసేశారో, జోకు చచ్చిపోతుంది.

పంపడానికి ఎంపీ3 చాలు. 128 కేబీపీఎస్‌లో నిమిషానికి ఒక ఎంబీ, వట్టి మాటలైతే మోనోలో 64 పెట్టండి, అందులో సగమే.

పేరు మాత్రం “ఆడియో 1”, “న్యూ 2 ఫైనల్” అని పెట్టొద్దు. సంవత్సరం, ఊరు, మనిషి, సంగతి: “1993-చంద్రగిరి-పెద్దమ్మ-గొబ్బిపాట”, ఇలా. సంవత్సరం గట్టిగా తెలియకపోతే “1993 ప్రాంతం” అని రాయండి, తెలిసినట్టు రాయకండి. క్యాసెట్ అట్ట మీద రాసినదాన్ని నమ్మకండి. ఒకదాని మీద ఇంకోటి రికార్డు చేయడం అప్పట్లో అందరిళ్లలో అలవాటే, అట్ట మీద సుప్రభాతం, లోపల మామయ్య నిశ్చితార్థం.

10. పెద్దవాళ్ల పక్కన కూర్చుని వినండి

నోటుబుక్కు ఇందుకే. ముక్కలు చేశాక, గ్రూపులో పెట్టకముందు, ఇంట్లో వయసులో పెద్దవాళ్లను కూర్చోబెట్టి వినిపించండి. వాళ్లు వింటున్నప్పుడు మీ ఫోన్లో రికార్డరు ఆన్ చేసి పక్కన పెట్టండి, చెప్పే పెట్టండి. “ఈ దగ్గేది ఎవరో తెలుసా, మన ఎదురింటి రెడ్డెమ్మ మొగుడు” లాంటి మాటలు అప్పుడే వస్తాయి, తర్వాత అడిగితే రావు. మా అమ్మ అరగంట క్యాసెట్‌కి గంటన్నర చెప్పింది. నిజం చెప్పాలంటే క్యాసెట్ కంటే ఆ గంటన్నరే బాగుంది.

11. పంచడం: ఎవరికి ఏది

మూడు రకాలుగా విడగొట్టుకోండి.

ఇంటివాళ్లకు మాత్రమే. వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, మీరు పెట్టిన పేరు అలాగే ఉంటుంది, 2 జీబీ వరకు వెళ్తుంది. కింద రెండు వాక్యాలు రాయండి, ఎవరు, ఎక్కడ, ఎన్నో నిమిషం దగ్గర ఏముంది. “1 నిమిషం 40 దగ్గర పాలు పొంగుతాయి” అని నేను రాసినందుకే అందరూ అక్కడిదాకా విన్నారు. రోజుకొకటి పెట్టండి. ఒకేసారి ఇరవై పెడితే గుడ్ మార్నింగ్ పూలబొమ్మల కింద పడి కొట్టుకుపోతాయి.

ఊరివాళ్లకు, స్నేహితులకు. గూగుల్ డ్రైవ్ ఫోల్డరు లింకు, లేదా యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్. యూట్యూబ్ వట్టి ఆడియో తీసుకోదు, ఒక ఫోటో కింద ఆడియో పెట్టి వీడియోగా చేయాలి, ఫోన్లో ఏ వీడియో ఎడిటరైనా చేస్తుంది. 15 నిమిషాలు దాటినదైతే ముందు ఫోన్ నంబరుతో అకౌంటు వెరిఫై చేసుకోవాలి. ఒకటి మర్చిపోకండి, అన్‌లిస్టెడ్ అంటే తాళం కాదు. లింకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు వినొచ్చు, ఫార్వర్డ్ చేయొచ్చు. గుట్టుగా ఉండాల్సినది ప్రైవేట్‌లోనే పెట్టండి, అసలు పెట్టకపోతే ఇంకా మంచిది.

లోకమంతటికీ. ఇక్కడ నెమ్మది. సినిమా పాటలు, కంపెనీ కామెడీ క్యాసెట్లు మీరు డబ్బులిచ్చి కొన్నా సరే, ఎక్కించే హక్కు మీది కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కి అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు హక్కులుంటాయి, పాట రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ వాళ్ల జీవితకాలం పైన ఇంకో 60. మీకు ఇష్టమైన పాట గురించి చెప్పాలంటే ఆ కంపెనీ పెట్టిన లింకే ఇచ్చి, కింద మీ జ్ఞాపకం రాయండి: ఎక్కడ విన్నారు, ఎవరు పెట్టారు, ఆ రోజు ఏమైంది. చదివేవాళ్లకు కావలసింది అదే, పాట వాళ్లకూ దొరుకుతుంది. మీ పెళ్లి క్యాసెట్లో వెనకాల సినిమా పాట మోగుతుంటే యూట్యూబ్ పట్టేస్తుంది, క్లెయిము వస్తుంది. టెన్షన్ పడకండి, చాలాసార్లు ఆ ముక్క కోసేస్తే సరిపోతుంది.

నాటకం, హరికథ, నాదస్వరం లాంటివి మీరు రికార్డు చేసినా, పాడినవాళ్లకు, ఆడినవాళ్లకు కూడా హక్కుంటుంది, చట్టంలో అది 50 ఏళ్లు. చట్టం సంగతి అటుంచి, అడగడం మర్యాద. పాత కళాకారులు చాలామంది పల్లెల్లోనే ఉన్నారు, వాళ్ల పిల్లలకు ఫోన్లున్నాయి, అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఒక కాపీ వాళ్లకూ ఇవ్వండి, వాళ్ల దగ్గర ఏమీ ఉండదు.

జోకుల విషయంలో నాకు తగిలిన దెబ్బ చెప్తా. భారతంలో బఫూన్ ముందు వరసలో కూర్చున్న ఊరి పెద్ద ఒకాయన పేరు పెట్టి, అప్పు ఎగ్గొట్టాడని ఎగతాళి చేస్తాడు. ఊరంతా పడీ పడీ నవ్వింది, ఆయన కూడా నవ్వాడు. ముప్పై ఏళ్ల తర్వాత నేను దాన్ని ఊరి గ్రూపులో పెడితే ఆయన కొడుకు ఫోన్ చేశాడు. తిట్టలేదు, “మా నాయన లేడు కదన్నా ఇప్పుడు” అన్నాడు, అంతే. ఆ రాత్రే తీసేశాను. ఆ రోజు స్టేజీ కింద కూర్చున్నవాళ్లకు అది సరదా, ఫోన్లో వినేవాళ్లకు వట్టి నింద. పేర్లున్న జోకులు, కులాల మీద, ఆడవాళ్ల మీద వేసినవి ఇంట్లోనే ఉంచండి.

ఇంటివాళ్ల గొంతులు కూడా అంతే. ఏడ్చిన క్యాసెట్లుంటాయి, కువైట్ ఉత్తరాల్లో డబ్బుల గొడవలుంటాయి. బతికున్నవాళ్లను అడగండి, లేనివాళ్లకు బదులు వాళ్ల పిల్లల్ని.

12. మూడు చోట్ల దాచండి

ల్యాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, నెట్లో ఒకటి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మీ మెయిలూ ఫోటోలూ కూడా ఉంటాయి, తొంభై నిమిషాల క్యాసెట్ వేవ్‌లో దాదాపు ఒక జీబీ, లెక్క మీరే వేసుకోండి. వేవ్‌లు హార్డ్‌డిస్క్‌లో, ఎంపీ3లు నెట్లో పెట్టుకోవచ్చు. హార్డ్‌డిస్క్ రెండో కాపీ ఇంకో ఊర్లో ఉన్న అక్క దగ్గరో తమ్ముడి దగ్గరో ఉంచితే ఇంకా మంచిది.

క్యాసెట్లు పారేయకండి. నిలువుగా, పెట్టెలో, స్పీకర్లకూ టీవీకీ దూరంగా పెట్టండి. మన తిరుపతి ఎండల్లో రేకుల గదిలో, అటక మీద పెట్టారంటే డొల్ల వంగిపోతుంది. అల్మారా కింది అర చాలు.

ఎక్కువమంది అడిగేవి

*షాపులో ఇస్తే చేసిపెట్టరా?* చేస్తారు. నేను మొదట ఒకచోట ఆరు క్యాసెట్లు ఇచ్చాను. అన్నీ ఒక వైపే ఎక్కించి ఇచ్చారు, “ఆ పక్క ఏమీ లేదు సార్” అన్నారు. ఉంది. ఇవ్వాల్సి వస్తే రెండు వైపులూ, ఆపకుండా, వేవ్‌లో, శుభ్రం చేయకుండా కావాలని కాగితం మీద రాసిచ్చి, తీసుకునేటప్పుడు నిమిషాలు లెక్కపెట్టుకోండి. ఒక్క క్యాసెట్‌తో మొదలుపెట్టి చూడండి.

*టేపు తెగిపోయింది, అయిపోయినట్టేనా?* కాదు. రెండు కొసలూ సమంగా కత్తిరించి, ఆనించి, టేపుకు వెనక వైపు అంటించాలి. హెడ్డుకు తగిలేది ఏ వైపో ముందు చూసుకోండి, అతుకు దానికి అవతలి వైపు పడాలి. మామూలు సెల్లోటేపు ఒక్కసారి నడపడానికి మాత్రమే, ఎండకు జిగురు కారుతుంది. ఆ ఒక్కసారిలోనే రికార్డు చేసేసుకోండి. ఒక అర సెకను మాట పోతుంది.

*ఎంతసేపు పడుతుంది?* క్యాసెట్ ఎంతసేపుంటే అంతసేపు, ఈ పద్ధతిలో వేగం పెంచడానికి దారి లేదు. వినడం, కోయడం, పేర్లు పెట్టడం కలిపి ఒక్కోదానికి నాకు మూడు గంటలు. పెట్టెలో నలభై ఉంటే ఈ వేసవి సెలవులకు అయిపోదు. ముందు ఏది తీయాలో తేల్చుకోలేకపోతే, ఇంట్లో అందరికంటే పెద్దావిడను పిలిచి పెట్టె ముందు కూర్చోబెట్టండి, ఏ క్యాసెట్ మీద చెయ్యి పెడితే దాంతో మొదలుపెట్టండి.